అయిదు బోల్టుల పంపు

మహర్నవమి, ఆయుధపూజ

మా పంపు ఫ్లాంజికి ఎనిమిది బోల్టులు. రజియా అనే బొమ్మలమ్మాయి పంపుషెడ్డు గోడ మీద అయిదే వేసింది. అందులోనూ ఒకటి సగమే.

ఫ్లాంజి అంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను. రెండు గొట్టాల మూతులు కలిపి బిగించేచోట ఉండే ఇనప పళ్ళెం అది. దాని చుట్టూ బోల్టులు సమానంగా పడాలి. ఒక్కటి వదులైతే గాలి పీలుస్తుంది, పంపు ఉత్తినే అరుస్తుంది గానీ నీరెత్తదు. ఈ సంగతి ఆ అమ్మాయికి ఆ రోజే చెప్పాను. నిచ్చెన మీద కూచుని, మూతికి పచ్చరంగు పులుముకుని, "సరిగ్గా చూడండి మేస్త్రీగారూ" అంది. ఏం చూడాలి? సరిగ్గా చూస్తే అయిదు ఎనిమిదవుతాయా?

దీనికన్నా పెద్ద ఫిర్యాదు ఇంకొకటుంది. గోడ మీద పంపు ఉంది, గోదావరి ఉంది, కొంగలున్నాయి. మధ్యాన్నం క్యారేజీ తెచ్చే నా పెళ్ళాం నూకరత్నం కూడా ఉంది. ఆ పంపుని చెవి పెట్టి విని, గ్రీజు పెట్టి, వరదల్లో కాపలా కాసి బతికించిన వాసంశెట్టి లోవరాజు మాత్రం లేడు. "నేనెక్కడమ్మా?" అని అడిగాను. "ఉన్నారు" అంది. ఇన్నేళ్ళ నుంచీ వెతుకుతున్నాను. తుంగపొదల వెనకాల చూశాను, గిజిగాడి గూట్లో కూడా చూశాను. లేను.

ఇదంతా పాదు డైరీలో ఎందుకు రాస్తున్నావని నీటిపారుదల ఏఈ సుగుణగారు అడుగుతారు. అడగనీ. ఇప్పుడు పంపుకి బదులు నీరెత్తేది ఈ పాదే. అది ఎంత తాగింది, ఎన్ని మొగ్గలేసింది రోజూ రాయమని ఆవిడే పుస్తకం ఇచ్చారు. రెండో క్లాసుతో బడి మానేసినవాడి చేతికి పుస్తకం ఇస్తే వాడికి తోచిందే రాస్తాడు.

పాదు సంగతి: తౌడునీళ్ళు తాగింది. బెల్లంమడ్డి సగం వదిలేసింది. కొత్త మొగ్గలు మూడు. బాగానే ఉంది. దానికేం రోగం? రోగమంతా ఇనుముకే కదా వచ్చింది.

ఇవాళ ఆయుధపూజ. పూజ చెయ్యడానికి షెడ్డులో ఇనుమన్నది లేదు. తుప్పుతెగులు వచ్చిన ఏడాది స్పానర్లు, చెయిన్లు, చివరికి తలుపు గొళ్ళెం కూడా పేలపిండిలా రాలిపోయాయి. అందుకని గోడ మీది పంపుకే చేస్తున్నాను, ఏటా చేస్తున్నట్టే. గోడ మీద తాటాకు పరదా ఉంటుంది, అది ఎత్తాను. గోడ కడిగాను. పంపు బొమ్మకి పసుపు రాసి బొట్లు పెట్టాను. ఆ అయిదు బోల్టులకీ విడివిడిగా పెట్టాను, తిట్టుకుంటూనే. సగం బోల్టుకి సగం బొట్టు పెట్టాను. బూడిదగుమ్మడికాయ కొట్టాను.

పరదా తియ్యవద్దని ఏఈగారు చెప్పి ఉన్నారు. పాదుకి బొమ్మలు కనపడకూడదట. తూము కావాలంటే తూము పటం గీసి మొగ్గ ముందు కడతారు. మొగ్గ ఆ పటాన్ని చూసుకుంటూ అలాగే పెరుగుతుంది. వేసవిలో ముదిరిన భాగాలు ఎండి రాలిపోతే మళ్ళీ పటం కట్టాలి. ఇప్పుడు మేస్త్రీ పని అంటే అదే, పటాలు కట్టడం, విప్పడం. చేతికి మసి అంటదు.

కిందటేడాది దాకా పాదు చిన్నది. షెడ్డు అవతల, పాత పంపు దిమ్మ దగ్గరే ఉండేది. ఈ ఏడు గోడ వారకి వచ్చింది. వస్తే రానీ. పూజలో పెట్టిన పనిముట్టుని దశమి నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు, కప్పకూడదు. మా నాన్న ఎడ్లబండి చక్రానికి కూడా అలాగే చేసేవాడు. రేపటిదాకా పరదా వెయ్యను.

ఏకాదశి

నిన్న సాయంత్రం ఉద్వాసన చెప్పి పరదా దించాను. ఇవాళ నా బామ్మర్ది భద్రం పడవ మీద తౌడు బస్తాలు తెచ్చాడు. నూకరత్నం తమ్ముడు. కింద కోరంగి దాకా సరుకు వేసుకుని తిరుగుతుంటాడు. పరదా తాళ్ళు బిగించడానికి నా చేత్తో కుదరలేదు. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది, ముడి జారిపోతుంది. వాణ్ణి పిలిచాను.

వాడు పరదా ఎత్తి కాసేపు అక్కడే నిలబడ్డాడు.

"ఏం బావా, గోడకి పసుపు స్నానం చేయించేవు?"

"తాళ్ళు కట్టరా."

"ఉండెహె. అక్కని చూసి ఎన్నాళ్ళైంది."

నేనూ చూశాను. బొమ్మలో మా పంపు గోదావరిలో పొట్టదాకా దిగి గేదెలా నిలబడి ఉంటుంది. ఒళ్ళంతా బురద. నీరు పీల్చే గొట్టాలు గొట్టాల్లా ఉండవు, మర్రి ఊడల్లా చీలి నది అడుగుకి పాకి ఉంటాయి, వాటి సందుల్లో చేపలు. మోటారు నెత్తిన గిజిగాడి గూడు. నీరు పోసే మూతిలోంచి నీటికి బదులు తెల్లకొంగలు ఎగిరిపోతుంటాయి. పక్కనించి ఒక గొట్టం ముందుకి చాచుకుని వచ్చి ఆ అయిదు బోల్టుల ఫ్లాంజితో ఆగుతుంది. ఒడ్డున నూకరత్నం గొంతుక్కూచుని, ఆ ఫ్లాంజిని ఒళ్ళో పెట్టుకుని, కుంకుడు నురగతో కడుగుతుంటుంది. ముక్కుపుడక, నుదుటి మీద చెమట, వాలిన కళ్ళు. అచ్చం రత్తమే. ఆ మొహానికి నేను వంక పెట్టను. ఫోన్లతోపాటే ఫోన్లలో మొహాలూ పోయాయి. పెళ్ళి ఫోటో అంతకుముందే వరదలో పోయింది. నా పెళ్ళాం మొహం ఈ లోకంలో ఇక్కడొక్కచోటే ఉంది.

"ఫ్లాంజికి కుంకుడుకాయలేంటి బావా?" అన్నాడు భద్రం.

"అదే నేననేది! గ్రీజు కుంకుడుకాయకి పోతుందా? కిరసనాయిలుండాలి. దానికి పంపంటే తెలీదురా."

"మరి నీకు అక్కంటే తెలుసునా?" అని నవ్వి తాళ్ళు కట్టాడు. ఆ వెటకారం ఆ ఇంటివాళ్ళందరికీ ఉంది.

పాదు ఆకులు ఇవాళ కాలువ వైపు కాక గోడ వైపు తిరిగి ఉన్నాయి. పొద్దు ఎటుంటే అటు తిరగాలి కదా. రాయాలి కాబట్టి రాశాను.

అట్లతద్ది

చూసినది చూసినట్టు రాస్తున్నాను. నాకు కళ్ళు బాగానే కనపడతాయి.

పాదుకి ఒక్కటే పెద్ద తూము ఉండేది. దాని మెడ దగ్గర వేసిన మొగ్గలు పొద్దున విచ్చుకున్నాయి. తూములు కావు. కొంగలు. తెల్లటి సన్నటి మెడలు, ముక్కులు, వాలుగా విప్పిన రెక్కలు. ప్రతి ముక్కులోంచీ నీరు. ఒకటి ఆకాశంలోకి పోస్తోంది, ఒకటి షెడ్డు కప్పు మీద పోస్తోంది, ఒకటి నా మంచం మీద. కాలువలోకి పోసేవి రెండే.

అట్లతద్దికి ఉయ్యాలలూగే ఆడపిల్లలు అన్నీ మానేసి ఇక్కడికే వచ్చి తడిశారు. వాళ్ళ కేకలు వింటుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. అప్పుడూ పంపు వెయ్యగానే పిల్లలు నీటి మూతి దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. ముందు గొట్టం దగ్గేది, రెండుసార్లు గాలి వదిలేది, నేల అదిరేది, అప్పుడు ఊడిపడేది నీళ్ళు. ఆ చప్పుడు ఊళ్ళోకి వినపడేది. లోవరాజు పంపేశాడు అనేవాళ్ళు. ఈ పాదు నీళ్ళు చప్పుడు చెయ్యవు, దొంగలా వస్తాయి.

మధ్యాన్నం ఏఈగారు వచ్చారు. మేరీ సుగుణ ఆవిడ పేరు, మా మనవరాలి వయసుంటుంది. కొంగల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టారు. తరవాత గోడ దగ్గరికి నడిచారు. పరదా తాళ్ళలోకి పాదు నులితీగలు దూరి ఉన్నాయి. ఒక మూల పరదా ఎత్తి ఉంది, ఎవరో తెర తొలగించి తొంగిచూస్తున్నట్టు.

"తాతగారూ, పరదా తీశారా?"

"తీశాను."

"ఎందుకు తీశారండీ?"

"పండగ."

"పండగకి గోడతో ఏం పని?"

"మరి దేనికి చెయ్యమంటావమ్మా పూజ? ఇనుమేమన్నా మిగిలిందా?"

"పాదుకి చెయ్యొచ్చుగా. అదేగా ఇప్పుడు పంపు."

"కాసేదానికి ఆయుధపూజేంటి? దానికి చెయ్యాల్సింది కూర."

ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకుంది. పిట్టగోడ మీద కూచుని మెల్లిగా చెప్పింది. దాళ్వా పంటకి కాలువ వదలాలి. నారుమళ్ళు కార్తీక పున్నమి మర్నాడు మొదలవుతాయి. కొంగలు ఇలా చిమ్ముతుంటే శివారు పొలాలకి చుక్క వెళ్ళదు. నులితీగలు కోస్తే పాదు అలుగుతుంది, ఆ పంటకాలం మొత్తం నీరెత్తదు. గోడ మీద బొమ్మ లేకుండా పోతే మళ్ళీ దాని పటాలు అది చూసుకుంటుంది.

"లేకుండా పోతే అంటే?"

"పున్నమిలోపు సున్నం వేయిద్దామండీ."

నేను లేచి ఆవిడ ముందు నిలబడ్డాను. "దాని మీద సున్నం వెయ్యాలంటే ముందు నా మీద వెయ్యాలి" అన్నాను. అలాగే అన్నాను, ఇక్కడా అలాగే రాశాను. ఈ పుస్తకం పైవాళ్ళు చదువుతారుగా, చదవనీ.

"సున్నం కింద రంగు చావదు తాతగారూ. పాత కోటల్లో సున్నం గీస్తే బొమ్మలు బయటపడ్డాయి."

"అప్పటికి నేనుంటానా గియ్యడానికి?"



దీపావళి మర్నాడు

పాదు పరదాని పూర్తిగా లాగి కింద పడేసింది. నేను కట్టాను, మళ్ళీ లాగింది. రెండోసారి కట్టబోతే నులితీగ నా మణికట్టు పట్టుకుంది. బలంగా కాదు. పసిబిడ్డ పట్టుకున్నట్టు. నాకు కోపం వచ్చింది. ఇలాంటివి నాకు నచ్చవు.

తీగలు గోడెక్కాయి. రజియా ఊడలు వేసిన చోట ఊడలు దించాయి. మోటారు నెత్తిన గూడు ఉన్నంత మేరా ఉబ్బి, గూడులాగే అల్లుకుంది. నిజం పిట్ట ఒకటి వచ్చి దాని చుట్టూ తిరిగి, మోసపోయి వెళ్ళిపోయింది. కొంగలు వేసిన చోటు ఆకుల కింద పడిపోయింది. ఇక రెండు బారలు పాకితే రత్తం.

ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి బాగుందంటున్నారు. ఆ అమ్మాయి గీసినప్పుడు పిచ్చిబొమ్మ అన్నది వీళ్ళే. ఇనుముకి ఊడలేంటి, పంపుకి బురదేంటి అన్నారు. నేనూ అన్నాను. పంపంటే మనిషి కట్టింది, నదంటే దేవుడిచ్చింది, రెండూ ఎక్కడ కలుస్తాయి అన్నాను. "మీరు రోజూ కలుపుతున్నారుగా" అంది రజియా. ఆ అమ్మాయి మా ఇంట్లోనే అన్నం తినేది. రత్తాన్ని వదినా అని పిలిచేది. ఇద్దరూ చేపలు తోముతూ, నన్ను చూసి గుసగుసలాడి నవ్వేవాళ్ళు.

మా పంపు పోయిన రోజు చెబుతాను. తెగులు ముందు బోల్టులకి వచ్చింది. ఆముదం రాశాను, వేపనూనె రాశాను, పసుపు పట్టించాను, గోనెపట్టాలు చుట్టాను. ఒకరోజు చెయ్యి వేస్తే పంపు పొట్ట బెల్లంముక్కలా విరిగి వచ్చింది. రత్తం నా పక్కనే ఉంది. అప్పటికే ఊపిరాడక దాని చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. "పోనీలే, దానికీ వయసైపోయింది" అంది. ఆ ఏడాదే రత్తమూ పోయింది. తుప్పు పొడంతా దిమ్మ దగ్గర గొయ్యి తీసి పోశారు. పాదు విత్తనం అందులోనే పెట్టారు. ఇనప ఎరువు దానికి బలమట. అంటే ఇది తాగింది మా పంపునే. ఆ మాట నాకు ఇవాళే తట్టింది.

సాయంత్రం భద్రంతో పోట్లాట.

"బావా, సున్నం వెయ్యనివ్వు."

"నీ అక్కరా అది!"

"అక్కే. నాకు మాత్రం ఆ మొహం అక్కర్లేదా? కానీ నా కూతురి పొలం శివార్లో ఉంది. దాళ్వా పోతే పిల్ల ఏం తింటది? గోడని నాకుతదా?"

"వేరే దారి చూడమను ఏఈని."

"ఆవిడ చూసింది. లేదంది. నువ్వు ముప్ఫై ఏళ్ళు శివారుకి నీరెళ్ళకపోతే అన్నం ముట్టేవోడివి కాదే! ఆ లోవరాజెక్కడికి పోయాడు?"

నేను పొమ్మన్నాను. వాడు పోయాడు, తౌడు బస్తాలు లోపల పెట్టకుండానే. నేనొక్కణ్ణే మోసుకున్నాను.

నాగులచవితి

చేతిరాత వంకరగా ఉంటే అలాగే చదువుకోండి.

ఇవాళ పొద్దున ఆడవాళ్ళు పుట్టలో పాలు పొయ్యడానికి వెళుతూ పాదు ఊడల దగ్గర ఆగి అక్కడా పోశారు. ఊడలు పాముల్లా ఉన్నాయట. పాలకి విరోచనాలు పట్టుకుంటే ఎవరిది పూచీ అని అరిచాను. "పోనీ తాతా, నీ పెళ్ళాం బొమ్మ చూసుకుంటున్న పాదుని అలా తిట్టకు" అందొకతి. నవ్వుకుంటూ వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళాక ఏఈగారు వచ్చారు, సున్నపు రాయి బండి మీద వేయించుకుని. దింపించలేదు. నన్ను గోడ దగ్గరికి రమ్మన్నారు.

పాదులోంచి ఒక కాండం ముందుకి చాచుకుని వచ్చింది. చివర ఫ్లాంజి. బొమ్మలో ఉన్నదే, కాకపోతే ఇప్పుడు నిజంగా గాలిలో నిలబడి ఉంది. మందంగా, చల్లగా, నీటి బొట్లు కారుతూ. చుట్టూ బోల్టులు. పొడుగ్గా.

"ఇదేంటో ఏ పటంలోనూ లేదు తాతగారూ. మీకేమన్నా తెలుసా?"

"ఎందుకు తెలీదు? ఫ్లాంజి. తప్పు ఫ్లాంజి. ఎనిమిదికి అయిదు. ముందు నుంచీ చెబుతున్నాను."

ఫ్లాంజి సమంగా ఉందా లేదా చూడాలంటే మేస్త్రీ అన్నవాడు కొలబద్ద వెయ్యడు. అరచెయ్యి ఆనిస్తాడు. వెంట్రుకంత ఎత్తుపల్లం ఉన్నా చెయ్యి చెప్పేస్తుంది. కుడిచేత్తో ఊడ పట్టుకుని నిలదొక్కుకుని, ఎడమ అరచెయ్యి దాని మీద ఆనించాను. ఆలోచించి చేసిన పని కాదు. చేతికి అలవాటు.

బొటనవేలు ఒక బోల్టు మీద పడింది. నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు ఒక్కొక్కటి మీద పడ్డాయి. చూపుడువేలు, ఉన్న సగం, సగం బోల్టు మీద పడింది. మొండి మొండికి తగిలింది. ఎక్కడా సందు లేదు.

చెయ్యి తియ్యలేదు. తియ్యాలని తోచలేదు.

ఆ వేలు పంపు బెల్టులో పోయింది. రజియా ఇక్కడికి రావడానికి నెల ముందు. పుండు పచ్చిగా ఉండగానే డ్యూటీకి వచ్చేవాణ్ణి. మసి వదలాలంటే కిరసనాయిలు, పుండు మీద కిరసనాయిలు పడితే ప్రాణం పోయేది. రత్తం మధ్యాన్నం క్యారేజీతోపాటు కుంకుడురసం చెంబులో పట్టుకొచ్చేది. ఒడ్డున గొంతుక్కూచునేది. నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వేలూ విడదీసి, నురగ పట్టించి కడిగేది. "కదపకు, గేదెలాగ" అనేది. మసి సరిగ్గా పోయేది కాదు. అయినా రోజూ తెచ్చేది. రజియా గట్టు మీద కూచుని చూస్తూ ఉండేది.

బురదలో నిలబడిన గేదె. ముందుకి చాచిన గొట్టం. కుంకుడు నురగ.

నేనెక్కడున్నానని ఇన్నేళ్ళు తుంగపొదల్లో వెతుక్కున్నాను.

"తాతగారూ, ఏమైంది? కూచుంటారా?" అని ఏఈగారు భుజం పట్టుకున్నారు.

"ఏమీ కాలేదు. సమంగానే ఉంది" అన్నాను.

ఆవిడ కాసేపు నా చేతినీ, దాన్నీ చూసింది. నా సగం వేలు చూసి తలూపింది. బుద్ధిమంతురాలు. తరవాత గోడ మీద ఒక చోటు చూపించింది. నూకరత్నం చెంప పక్కన చిన్న మొగ్గ, పెసరగింజంత.

"తరవాతది ఇది. పున్నమి దాటితే విచ్చుకుంటుంది. ఎలా విచ్చుకుంటుందో నేను చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. రత్తం మొహం కాస్తుంది. ముక్కుపుడకతో సహా. వేసవి దాకా ఉంటుంది. ముదురుతుంది, చెంపలు పీక్కుపోతాయి, ఎండుతుంది, రాలుతుంది. అది నేను ఒకసారి చూశాను. చాలు.

"రాయి దింపించమ్మా" అన్నాను. "ఇంకెవరూ వెయ్యక్కర్లేదు. నేనే వేస్తాను."

క్షీరాబ్ది ద్వాదశి

సున్నపు రాయి నానేశాను. కుండలో కుతకుతలాడింది, ఇప్పుడు చల్లారి వెన్నలా ఉంది. తాటిపీచుతో కుంచె కట్టుకున్నాను. సగం వేలితో ముడి నిలవలేదు, పళ్ళతో బిగించాను.

భద్రం వచ్చాడు. సున్నం కుండ చూశాడు, నన్ను చూశాడు. వాణ్ణి గోడ దగ్గరికి తీసుకెళ్ళి ఆ ఫ్లాంజి మీద చెయ్యి ఆనించి చూపించాను. వాడు నా వేళ్ళూ బోల్టులూ రెండుసార్లు లెక్కపెట్టాడు. తరవాత, "ఓరి నీ దుంపతెగా బావా, ఇన్నేళ్ళూ నిన్నే పట్టుకుని అక్క కడుగుతుంటే, బోల్టులు తక్కువయ్యాయని గోల పెట్టేవా!" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. తౌడు బస్తాలు ఈసారి లోపల పెట్టాడు.

వాడు రేపు తెల్లారి కోరంగి వెళుతున్నాడు. రజియా అక్కడ మడచెట్ల పక్కన ఉంటోందని, కళ్ళు కాస్త మందగించాయి గానీ మాట బాగానే ఉందని వాడే చెప్పాడు. ఈ కాగితం పుస్తకంలోంచి చింపి వాడికిస్తున్నాను. ఏఈగారూ, మీకు ఒక కాగితం తక్కువైతే ఏమీ కాదు. పాదు సంగతి: తౌడునీళ్ళు తాగింది.

రజియా అమ్మాయీ,

నేను పంపుషెడ్డు లోవరాజుని. బతికే ఉన్నాను. ముందుగా ఒక మాట. పంపు ఫ్లాంజికి ఎనిమిది బోల్టులే. ఆ మాట నేను వెనక్కి తీసుకోను. కానీ నువ్వు వేసింది ఫ్లాంజి కాదని ఇప్పుడు తెలిసింది. ఎలా తెలిసిందో భద్రం చెబుతాడు. వాడు కొంచెం పెంచి చెబుతాడు, అందులో సగం తీసేసి విను.

నన్ను ఇంత పెద్దగా గోడంతా వేస్తావనుకోలేదు. ఓ మూల మీసాలున్న మనిషి కోసం వెతికాను. చెప్పొచ్చుగా. నేను మొరటువాణ్ణి, నాతో చెప్పకపోతే పోనీ. నేనడిగేది అది కాదు.

బొమ్మ పూర్తయిన దగ్గర్నుంచీ రోజూ అన్నం దగ్గర కూచుని ఈ బోల్టుల గొడవ పెట్టేవాణ్ణి. రజియాకి పంపంటే తెలీదు, రజియాకి లెక్క రాదు అనేవాణ్ణి. రత్తం పప్పు వడ్డిస్తూ తలొంచుకుని నవ్వేది. "లెక్క సరిగ్గానే ఉందేమో, చూసుకో" అనేది. నీ వైపు మాట్లాడుతోందని కేకలేసేవాణ్ణి. చివరి రోజుల్లో మంచాన పడి కూడా, నా ఎడమచెయ్యి దాని గుండెల మీద పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ ముట్టుకునేది. లెక్కపెడుతున్నట్టు. సగం వేలు దగ్గర ఆగి నవ్వేది. నవ్వితే దగ్గొస్తుంది, ఊరుకో అని కసిరేవాణ్ణి.

చేపలు తోముతూ మీరిద్దరూ గుసగుసలాడింది ఇదేనా? నువ్వు దానికి చెప్పావా? లేక అదే నీకు అలా వెయ్యమని చెప్పిందా? అది తెలిసే నవ్విందా, లేక నా కోపం చూసి ఊరికే నవ్విందా?

ఆ పంపుని గేదెలా, మనిషిలా, నదిలో మొలిచినదానిలా నువ్వెందుకు వేశావో నాకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. కాకపోయినా ఫర్వాలేదు. రత్తానికి తెలుసా తెలియదా అన్నదొక్కటే కావాలి. పెద్ద మాటలు అక్కర్లేదు. అవుననో కాదనో భద్రం చేత చెప్పించు చాలు. నాకు బాధ కలుగుతుందని అబద్ధం మాత్రం చెప్పకు. చెబితే నాకు తెలుస్తుంది.

కార్తీక పున్నమి సాయంత్రం, ఆడవాళ్ళు గోదాట్లో దీపాలు వదిలేలోగా జవాబు ఇక్కడికి చేరాలి. కొంగల వైపు నుంచి మొదలుపెట్టి, గూడు, ఊడలు, నదీ అన్నీ సున్నం వేసుకుంటూ వస్తాను. రత్తం మొహం ఆఖరున ఉంచుతాను. కుంచె పట్టుకుని అక్కడ నిలబడతాను. నువ్వు పంపిన మాట అందితే, ఆ మొహాన్ని ఒక్కసారి సరిగ్గా చూసి అప్పుడు వేస్తాను. శివారుకి నీరెళ్ళాలి. దీపాలు వదిలాక ఇక ఆగను.

వాసంశెట్టి లోవరాజు
పంపు మేస్త్రీ